ఝాన్సీరంజని

మా ఆయన చంద్రమౌళి వాగ్గేయకారులు. అంటే మాటా ఆయనదే, పాటా ఆయనదే. విజయనగరంలో ఈ మాట చెబితే ఇంకా కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లున్నారు. అదే వచ్చిన చిక్కు. కూర్చున్న ప్రతిచోటా ఆయన ఒక కృతి కట్టి లేస్తారు. వినాయకుడి మీద కట్టారు, సరే. సింహాద్రి అప్పన్న మీద కట్టారు, సంతోషం. ఆ తరువాత తన కంట్లో శుక్లం తీసిన డాక్టరు మీద కట్టారు. మా వీధికి సిమెంటు రోడ్డు వేయించిన కౌన్సిలరు మీద ఆదితాళంలో కట్టారు. ఆ రోడ్డు రెండో వానకే లేచిపోయింది, కృతి మాత్రం చెక్కుచెదరలేదు.

కృతి పుట్టే విధానం కూడా చెప్పాలి. తెల్లవారగానే పెరట్లో పంపు దగ్గర నిలబడి అరగంట గొంతు శుభ్రం చేసుకుంటారు. సరస్వతి రావాలంటే ముందు కఫం రావాలి. ఆ శబ్దాలకి పక్కింటివాళ్లు కాఫీ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్లిపోతారు. తరువాత వాలుకుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి గాల్లో తిప్పుతూ "రాసుకో" అంటారు. నేను రాసుకుంటాను. ఆయన పాడింది పాడినట్టు స్వరాలుగా, గమకాలతో సహా, నిలువు గీతల పుస్తకంలో ఎక్కించడం నా పని. పెళ్లికి ముందు వీణలో డిప్లమా చేశాను కనుక ఆ పాటి తెలుసు. వీణ బీరువా మీద ఉంది. దాని మీద ఆయన సన్మానాల శాలువాలున్నాయి. వాటితో వేడిగిన్నె దించుదామన్నా జరీ గుచ్చుకుంటుంది.

ఈ ఏడాది ఆయనకి ఒక పట్టుదల పుట్టింది. నూట ఎనిమిది కృతులతో పుస్తకం రావాలి. నూట ఏడు అయ్యాయి, ప్రెస్సులో ఎక్కించడం కూడా అయిపోయింది. నూట ఎనిమిదోది ఎవరూ ముట్టని కొత్త రాగంలో ఉండాలట. కొత్త రాగం కోసం ఆయన వెతకని చోటు లేదు. చివరికి అది మా పెరట్లోనే దొరికింది.

మార్చిలో జగ్గమ్మ వస్తుంది. ఆవిడ పుట్టిల్లు సాలూరు దగ్గర పల్లె, అత్తిల్లు కొత్తవలస అవతల. ఏటా మా వీధిలో నాలుగైదు ఇళ్లకి చింతపండు తెచ్చి, పెరట్లో గోనె పరుచుకుని, అక్కడే పిక్క తీసి ముద్దలు కట్టి ఇచ్చి వెళుతుంది. రోకటిబండతో టప్‌మని ఒక్క దెబ్బ, పిక్క అటు, పండు ఇటు. పని చేస్తున్నంతసేపూ పెదవులు విప్పకుండా లోపల్లోపల ఏదో తీస్తూ ఉంటుంది. తుమ్మెద అద్దం వెనకాల చిక్కుకున్నట్టు. నేను అయిదారేళ్లుగా వింటున్నాను. నాకు అది చింతపండు వాసనలో ఒక భాగం, అంతే.

ఆ రోజు మా ఆయన నోట్లో బ్రష్షుతో పెరట్లోకి వచ్చి ఆగిపోయారు.

"జగ్గమ్మా, ఏమిటా పాట?"

"పాటేటి బాబూ? పాట నేదు, ఏటి నేదు."

"ఇప్పుడు అన్నావు కదా. మళ్లీ అను."

"ఏటంతాను? పని సేసుకుంతంటే దానికదే వస్తాది. నువ్వలా ఎదురుగుండా నిలబడితే రాదు."

ఆయన నవ్వి వెళ్లిపోయారు. వెళ్లేముందు ఫోను చేట కింద పెట్టారు. మరిచిపోయారనుకుని నేనే తీసుకెళ్లి ఇచ్చాను. "అయ్యో, రికార్డు అవుతోంది, ఇప్పుడే ఎందుకు తెచ్చావు?" అని తిరిగి నన్నే పెట్టి రమ్మన్నారు. నేను పెట్టి వచ్చాను. ఈ మాట దాచనక్కరలేదు, దొంగతనానికి చేట ఎత్తిపట్టింది నేనే.

మూడు రోజులు గదిలో తలుపేసుకున్నారు. నాలుగో రోజు బయటికి వచ్చిన మనిషి ముఖం, సర్వే నంబరు లేని స్థలం కనిపెట్టినవాడి ముఖంలా వెలిగిపోతోంది.

"ఎక్కేటప్పుడు గాంధారం లేదు, దిగేటప్పుడు నిషాదం లేదు. పుస్తకాలన్నీ తిరగేశాను ఝాన్సీ, ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదు. పల్లెటూరి జోలపాట! లోకానికి తెలియకుండా పడి ఉంది."

"జోలపాట అని జగ్గమ్మ చెప్పిందా?"

"చెప్పాలా? ఆ ఊగు వింటే తెలియడం లేదూ? దీనికి నీ పేరు పెడుతున్నాను. ఝాన్సీరంజని."

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నేను అడగకుండా ఆయన నాకిచ్చిన మొదటి వస్తువు ఇదే. నా పేరు ఝాన్సీలక్ష్మి. పచ్చళ్ల జాడీల మీద, గ్యాస్ పుస్తకం మీద తప్ప అది ఇంకెక్కడా లేదు. మూడు రోజులు మురిశాను. ఎచ్చెర్లలో ఉన్న చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పాను.

రాగం దొరికింది, ఇక దాన్ని పాడించుకునే మనిషి కావాలి. ఆ మనిషి తనంతట తనే వచ్చాడు. జగన్నాధం గారు. సాలూరులో లారీలు, ఇక్కడ పప్పులూ నూనెల హోల్‌సేలు. మే నెలలో షష్టిపూర్తి.

"మాస్టారూ, అందరూ సినిమా పాటల బేండు పెడతన్నారు. నాకొద్దు. మనకి మాత్రమే ఉండాల, ఇంకెవులికీ ఉండకూడదు, అలాంటి పాట ఒకటి సెయ్యండి."

"మీ అదృష్టం చూడండి, సరికొత్త రాగం సిద్ధంగా ఉంది."

"కొత్తదేనా? ఇంతకుముందు ఎవులింట్లోనూ పాడనేదు గదా?"

"ఎవరింట్లోనూ పాడలేదు" అన్నారు మా ఆయన, గుండె మీద చెయ్యి వేసుకుని.

"మా యమ్మ పేరు రావాల. సుభద్రమ్మ. ఎనబై నాలుగేళ్లు. ఆవిడ కోసమే ఇదంతా. మరి... మన లారీల ముచ్చట కూడా ఎక్కడో అక్కడ తగిలితే..."

"చరణంలో 'శతరథ నాయకం' అని వేద్దాం."

"రథాలంటే లారీలని జనాలకి తెలుస్తాదా?"

"తెలిసినవాళ్లకి తెలుస్తుంది."

మర్నాడు ఉదయం కఫం ముగిశాక పల్లవి వచ్చింది. 'సుభద్రా సుతం జగన్నాధం భజే.' పురాణంలో సుభద్ర జగన్నాథుడికి చెల్లెలు కదా, ఇక్కడ తల్లి ఎలా అయిందని అడిగాను. కవికి ఆ స్వేచ్ఛ ఉంటుంది, రాసుకో అన్నారు. రాసుకున్నాను.

షష్టిపూర్తి ఇంకో పది రోజులుందనగా జగ్గమ్మ మిగిలిన చింతపండు పట్టుకుని రెండోసారి వచ్చింది. నేను కూడా పక్కన పీట వేసుకుని ముద్దలు కడుతున్నాను. ముందు గదిలో మా ఆయన ఇద్దరు శిష్యులతో సాధన మొదలుపెట్టారు. పల్లవి మొదటి వరుస వినబడింది. జగ్గమ్మ చెయ్యి గాల్లో ఆగింది. రెండో వరుసకి బండ కింద పెట్టేసి, కొంగు తీసి తల మీద కప్పుకుంది.

"బాబు ఎందుకు ఏడస్తన్నాడమ్మా?"

"ఏడవడం ఏమిటి? పాడుతున్నారు."

"పాటేటి, నీ మొకం? అది శోకం. సచ్చినోల్ల కాడ ఎత్తే శోకం."

నేను చింతపండు ముద్ద పక్కన పెట్టాను. నెమ్మదిగా అడిగితే నెమ్మదిగా చెప్పింది. వాళ్ల పల్లెలో మనిషి పోతే ఆడవాళ్లు ఎత్తే వరస అది. మాటలు ఎవరివి వాళ్లవి, వరస మాత్రం అందరిదీ ఒకటే.

"మా యమ్మ పోనపుడు నానే ఎత్తాను. మల్లా నా గుంట పోనపుడూ నానే ఎత్తాను. కన్యాకుమారి. పందొమ్మిదేల్లు. జొరమొచ్చి మూడు దినాల్లో ఎలిపోనాది. ఆరేళ్లయినాది. అమ్మకి కూతురు ఎత్తాల గానీ కూతురికి అమ్మ ఎత్తడమేటమ్మా? కానీ ఎత్తాను. అది ఇంకా దిగనేదు. పిక్క తీస్తంటే లోపల తిరగతాది."

"మరి ఇన్నేళ్లుగా మా పెరట్లో అదేనా?"

"నోరు ఇప్పనేదు గదా? నోట్లో ఉన్నదానికి మైల నేదు. నోరిప్పి ఎత్తితే మాత్రం పద్దతుంది. ఇన్న ఆడది ఇన్నట్టు ఊరుకోకూడదు, ఎల్లి మెడ మీద సెయ్యేసి తనూ కలపాల. అయినాక తల మీద నీల్లోసుకోవాల. అప్పటిదాకా ఎసరు పెట్టకూడదు, ఇస్తరి ముందు కూకోకూడదు." ముందు గది వైపు చూసి గొంతు తగ్గించింది. "బాబుకి తెల్దు పాపం. నువ్వు సెప్పు. దీపం పెట్టుకునే ఇల్లు."

పాపం అంది. నేనైతే ఆ మాట అనేదాన్ని కాను. నా పేరు తగిలించుకుని మూడు రోజులు మురిసింది ఒక పందొమ్మిదేళ్ల పిల్ల శవం దగ్గర ఏడ్చిన ఏడుపుకని తెలిశాక, నా మీద నాకే రోత పుట్టింది. పంపు కింద చేతులు ఎంతసేపు కడిగినా పులుపు వదల్లేదు.

శిష్యులు వెళ్లాక ఆయనకి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, బల్ల మీద కాగితం ముందుకి లాక్కుని, 'జానపద లాలి ఆధారంగా' అని ఉన్నచోట 'లాలి' కొట్టేశారు. అంతవరకే.

"అయితే ఏమిటంటావు?"

"అది శోకమండీ. షష్టిపూర్తిలో పాడతారా?"

"స్వరాలకి శుభం, అశుభం ఉంటాయా? రాగానికి మైలేమిటే?"

ఈ మాట అన్నది ఎవరు? వీధి మలుపులో పాడె కనబడితే డాబా మీద ఉన్నా దిగివచ్చి స్నానం చేసే మనిషి. పర్లాకిమిడిలో ఎవరో మూడో తరం దాయాది పోయాడని కబురు వస్తే పది రోజులు నన్ను ఆవకాయ జాడీ ముట్టనివ్వని మనిషి.

"పోనీ జగ్గమ్మని అడిగారా?"

"ఆవిడకి రాగమంటే తెలుసా?"

"ఏడవడం తెలుసు."

"అన్ని రాగాలూ ఎప్పుడో ఎవరో ఏడిస్తేనో నవ్వితేనో పుట్టినవే. మనం సంస్కరించాం. మురికి నీళ్లు వడకట్టి తీర్థం చేశాం."

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. మురికి ఎవరి వైపు ఉందో ఆయనకి కనబడడం లేదు.

"కనీసం నా పేరు తీసేయండి."

"ఫ్లెక్సీ అచ్చయిపోయింది" అన్నారు. ఈ రోజుల్లో దేవుడొచ్చి చెప్పినా ఆ మాటకి తిరుగులేదు.

జగన్నాధం గారికి నేనే ఫోను చేసి చెప్పొచ్చు. నంబరు ఉంది. రెండుసార్లు తీసి, రెండుసార్లు పెట్టేశాను. మొగుడి పరువు అని పేరు పెట్టుకున్నాను కానీ, అది భయం. ఊళ్లో నన్ను ఇంకా చంద్రమౌళి గారి భార్యగానే ఎరుగుదురు. ఆ ఒక్క పేరూ పోతే పచ్చళ్ల జాడీల మీద పేరే మిగులుతుంది. పది రోజులూ అలా పోయాయి.

కల్యాణమండపం గుమ్మంలో ఫ్లెక్సీ. జగన్నాధం గారు, భార్య, చుట్టూ లారీలు. కింద మూల మా ఆయన బొమ్మ, పక్కన నాది. ఫోటో అడిగితే ఇవ్వలేదని ఆయన నా ఆధార్ కార్డు ఇచ్చారట. 'నూతన రాగం ఝాన్సీరంజని' అనే అక్షరాల పక్కన నేను రేషన్ కోసం నిలబడ్డట్టు ఉన్నాను.

పొద్దున్నే హోమం, కలశాభిషేకం, మళ్లీ పెళ్లి, అన్నీ అయ్యాయి. భోజనాలకి ముందు కచేరీ. శ్రుతిపెట్టె నా ముందు పెట్టారు. ముందు వరసలో సుభద్రమ్మ గారు. చేతికర్ర, తెల్లచీర, చిన్న పిట్టంత మనిషి. ఆవిడ పక్కన సాలూరు నుంచి వచ్చిన ముసలమ్మలు నలుగురు, చేతుల్లో జంతికల పొట్లాలు. వాళ్లని చూశాకే తట్టింది. జగ్గమ్మ పుట్టిల్లు కూడా అటువైపే.

పల్లవి ఎత్తారు. 'సుభద్రా సుతం...' తన పేరు విని ముసలావిడ ముందు నవ్వింది. రెండో వరసకి నవ్వు ఆగిపోయింది. పక్కనున్న ముసలమ్మలు నమలడం మానేశారు. ఒకావిడ జంతికల పొట్లం మడిచి కుర్చీ కింద పెట్టేసింది. అయిదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తరువాత, ఎవరో చెప్పినట్టు, అయిదుగురూ కొంగులు తలల మీదికి లాక్కున్నారు.

సుభద్రమ్మ గారు లేచారు. కర్ర టకటకలాడించుకుంటూ వేదిక మెట్లు ఎక్కి, తిన్నగా నా పక్కకి వచ్చి చతికిలబడి, నా మెడ మీద చెయ్యి వేశారు. చల్లటి చెయ్యి. వేసి, నోరు విప్పి, మైకు కన్నా పెద్దగా ఎత్తారు.

"ఓలమ్మా, నా పెద్దకూతురా... ఏడో నెల కడుపుతో ఎలిపోనావా... కొట్టు ముందు లారీలున్నాయి, అశుబమని నన్ను ఏడవనివ్వనేదే తల్లీ..."

అదే వరస. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. కింద నుంచి నలుగురు ముసలమ్మలు అందుకున్నారు. నాకు ఎవరు పోయారో, ఎప్పుడు పోయారో తెలియదు. మెడ మీద చెయ్యి బరువుకి నా గొంతు కూడా దానికదే కలిసింది.

మా ఆయన కళ్లు తెరిచి ఇదంతా చూశారు. ఆపుతారనుకున్నాను. ఆ ముసలావిడ కళ్లలో నీళ్లు చూసి, ఎడంచేత్తో మృదంగం మాస్టారికి సైగ చేసి, రెండో కాలం అందుకున్నారు. స్వరకల్పన! ఆ తల్లి "తల్లీ, తల్లీ" అని ఏడుస్తుంటే దానికి సరిగ్గా తాళం పడేలా స్వరాలు వేశారు. ఇన్నేళ్లలో ఆయన గొంతు శుభ్రం చేసుకునే చప్పుడు కన్నా నాకు అసహ్యం పుట్టించినది ఇంకోటి లేదనుకునేదాన్ని. ఉంది.

పాట అయింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. వ్యాఖ్యాత ఉమాశంకర్ మైకు లాక్కున్నాడు.

"చూశారా! రాళ్లు కరుగుతాయంటే విన్నాం, ఈరోజు మాతృహృదయం కరగడం కళ్లారా చూశాం! తనయుడి వైభవం చూసి తల్లి కార్చిన ఆనందబాష్పాలు! ఇదీ ఝాన్సీరంజని!"

జగన్నాధం గారు కూడా కళ్లొత్తుకుంటూ వచ్చి మా ఆయన చేతికి కంకణం తొడిగారు. "మా యమ్మ ఇంతలాగ ఏడవడం నాను పుట్టాక సూడనేదు మాస్టారూ" అన్నారు. మా ఆయన "అంతా గురువుల దయ" అన్నారు. గురువులకి ఈ సంగతి తెలియకపోవడం వాళ్ల పుణ్యం.

ఆ గోలలో సుభద్రమ్మ గారు నా చెవి దగ్గరికి వంగారు.

"ఎవులు పోనారమ్మా? మీ వోల్లేనా?"

ఎవరో పోబట్టే మేము శోకం ఎత్తామని ఆవిడ నమ్మకం. లేకపోతే ఎవరైనా ఎందుకు ఎత్తుతారు? తన కొడుకు పండగలోకి ఏడుపు తెచ్చామని కోపం లేదు, పలకరింపు. ఆ పలకరింపుకి నా పదిరోజుల భయం కరిగిపోయింది. భయం కన్నా సిగ్గు పెద్దదని అప్పుడే తెలిసింది.

"కన్యాకుమారి అనే పిల్ల అమ్మా. పందొమ్మిదేళ్లు" అన్నాను.

"అయ్యో" అని నా బుగ్గ నిమిరారు.

సరిగ్గా అప్పుడే ఉమాశంకర్ మైకు నా చేతికిచ్చి, రాగానికి పేరిచ్చిన అర్ధాంగి రెండు మాటలు చెప్పాలన్నాడు. మా ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. నేను లేచి నిలబడ్డాను.

"ఈ రాగం మా ఆయనది కాదు, పేరు నాది కాదు. కొత్తవలస అవతల జగ్గమ్మ అనే ఆవిడ, కూతురు కన్యాకుమారి చచ్చిపోతే శవం పక్కన కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇది. ఆవిడని అడగకుండా ఫోనులో ఎక్కించాం. చెప్పినా ఆపకుండా పాడాం."

హాలంతా నా వైపు తిరిగింది. తరువాత మళ్లీ చప్పట్లు, ఈసారి ఇంకా పెద్దగా.

"ఎంత వినయం!" అన్నాడు ఉమాశంకర్. "పల్లెపదం నుంచి శాస్త్రీయం దాకా! మట్టిలో మాణిక్యాన్ని వెలికితీసిన చంద్రమౌళి గారికి మరోసారి..."

నిజం చెబితే నెత్తిన పిడుగు పడుతుందనుకున్నాను. శాలువా పడింది. నిజంగానే, ఎవరో వెనకనుంచి నాకూ ఒకటి కప్పారు.

అది అంతటితో అయిపోయేదే కానీ, సుభద్రమ్మ గారు కర్రతో వేదిక మీద రెండుసార్లు కొట్టారు.

"ఒరే జగన్నాధం, నీల్లు పెట్టించరా. తానం సెయ్యాల."

"ఇప్పుడేటమ్మా? పొద్దున్నే అయినాది గదా? భోజనాలు వడ్డిస్తన్నారు."

"శోకం ఎత్తినాక నీల్లోసుకోకుండా ఇస్తరి ముందు కూకుంతారేటిరా? ఆ యమ్మ సెప్పినాది ఇనపడనేదా? పందొమ్మిదేల్ల గుంట పోనాది. నాను ఎత్తాను, నువ్విన్నావు. నువ్వూ పోసుకో, నీ పెళ్లామూ పోసుకోవాల. లెగండి."

జగన్నాధం గారి ముఖంలో రంగులు మారాయి. తల్లిని చూశారు, నన్ను చూశారు, చివరికి మా ఆయన్ని చూశారు.

"మాస్టారూ, ఎవులింట్లోనూ పాడనేదన్నారు గదా?"

"పాడలేదు కదండీ. అది శాస్త్రీయ రాగం..."

"ఇళ్లల్లో పాడనేదు గానీ శవాల కాడ పాడినారన్నమాట. శుభమా అని షష్టిపూర్తి సేసుకుంతంటే, నా ఎదురుగుండా కూకుని నా మీద శోకమెత్తారా?"

ఆ తరువాత ఆ మండపంలో నేను చూసినది చచ్చేదాకా మరిచిపోను. పట్టుచీరలు, పట్టుపంచెలు వేసుకున్నవాళ్లంతా స్నానాల గదుల ముందు వరస కట్టారు. గదులు నాలుగే. మిగిలినవాళ్లు వంటవాళ్ల నీళ్ల తొట్టి మీద పడ్డారు. వేసిన విస్తళ్లలో బూరెలు ఈగలకి వదిలేశారు. వంటాయన మాత్రం గరిటె పట్టుకుని "సాంబారు సల్లారిపోతాది బాబూ" అని అందరినీ బతిమాలుతున్నాడు.

మా ఆయన వేదిక మీద ఒక్కరే నిలబడ్డారు. నేను దగ్గరికి వెళ్లాను.

"స్నానం చేయండి."

"చెయ్యను. చేస్తే ఒప్పుకున్నట్టే. అది రాగం."

అప్పుడు పురోహితుడు అటుగా వచ్చారు. తన ఉత్తరీయం కొస మా ఆయనకి తగలకుండా చేత్తో దగ్గరికి తీసుకుని, ఒక్క అడుగు పక్కకి వేసి దాటిపోయారు. అంతే. జగ్గమ్మ కన్నీళ్లకీ, సుభద్రమ్మ గారి కన్నీళ్లకీ కదలని మనిషి ఆ ఒక్క అడుగుకి కదిలిపోయారు. తిన్నగా నీళ్లతొట్టి దగ్గరికి వెళ్లి, జరీ పంచెతోనే, సాంబారు గిన్నెల మధ్య, చెంబు కూడా వెతక్కుండా పప్పు తోడే డబ్బాతో తల మీద గుమ్మరించుకున్నారు. ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లు. మంత్రం కూడా చదువుకున్నారు.

పక్కన నేనూ పోసుకున్నాను.

మర్నాడు ఆయన లేవకముందే ప్రెస్సుకి వెళ్లాను. ప్రూఫులు చూసేది ఎప్పుడూ నేనే కనుక ఎవరూ ఏమీ అడగలేదు. నూట ఎనిమిదో కృతి తీసేయమన్నాను. స్వరం రాసిన కాగితం వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చేసరికి ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని, ముక్కు చీదుకుంటూ ఫోనులో ప్రెస్సువాళ్ల మీద కేకలేస్తున్నారు. నన్ను చూసి ఫోను పెట్టేశారు.

"నా రాగం తీసెయ్యడానికి నువ్వెవరివే?"

"దాని మీద పేరున్నదాన్ని."

"అది నేను కట్టిన రాగం! జానపదం వేరు, అది వేరు. నూటికి నూరుపాళ్లూ నాది."

"అయితే నిన్న తల మీద నీళ్లెందుకు పోసుకున్నారు?"

ఆయన నోరు తెరిచారు. సమాధానం వస్తుందనే నేనూ చూశాను. తుమ్ము వచ్చింది. అది అయ్యాక ఇంకోటి. ముక్కు తుడుచుకున్నారు. ఇప్పుడైనా జగ్గమ్మ పేరు ఎత్తుతారా అని అలాగే నిలబడ్డాను.

"నూట ఏడుతో పుస్తకం ఎలా వేస్తామే?" అన్నారు.

వెయ్యడం ఆగదని నాకు తెలుసు. రెండు రోజులు తిరక్కుండానే పెరట్లో పంపు దగ్గర శబ్దాలు మొదలయ్యాయి. కాసేపటికి వాలుకుర్చీ కిర్రుమంది. ఈసారి కల్యాణమండపం యజమాని మీదట. ఆయనకి మన వల్ల చాలా ఇబ్బంది కలిగిందట, బాగుండదట.

"ఝాన్సీ, రాసుకో" అన్నారు.

నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. కొత్తవలస బస్సు ఎనిమిదింటికి. మీ కూతురి ఏడుపుని నా పేరు పెట్టి ఊరి ముందు పాడించాం అని జగ్గమ్మకి చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు లేదు. అడిగితే ఆవిడ "పోన్లే" అనేస్తుంది, అది ఇంకా అన్యాయం.

"ఎక్కడికి? రాగం పోతుంది, రాసుకో" అని లోపలినుంచి మళ్లీ కేక.

"పోనివ్వండి" అని బయటినుంచి తలుపు దగ్గరికి వేశాను.